జబ్బలో ఎలుక

1987 నవంబరు 12, గురువారం. తెల్లవారుజామున పట్టిన ముసురు పది గంటలైనా తెరిపి ఇవ్వలేదు. గాలి లేదు, ఉరుము లేదు, సన్నగా విసుగు పుట్టించేలా పడుతూనే ఉంది. ఇల్లు మారేవాళ్ళకి ఇంతకంటే చెడ్డ వాన ఉండదు. కుండపోత అయితే ఏ చూరు కిందో ఆగుతారు. ముసురైతే ఆగరు. పరుపులు తడుస్తాయి, అట్టపెట్టెల అడుగులు ఊడతాయి, మొగుడూ పెళ్ళాలు వీధిలోనే వాదించుకుంటారు.

ఆ రోజు అక్కా తమ్ముడూ ఒక పళ్ళ డాక్టరు సామాను ఎక్కిస్తున్నారు. రోగిని కూర్చోబెట్టే ఆ ఇనప కుర్చీ అక్క ఒక్కతే ఎత్తి వ్యానులో పెట్టింది. డాక్టరు నోరు తెరుచుకుని చూశాడు. రోజూ ఇతరుల నోళ్ళు తెరిపించే మనిషి కదా, ఆయనకది కొత్త.

ఈ అక్కాతమ్ముళ్ళ ఇంట్లోవాళ్ళ కుడి జబ్బలో ఎలుక ఉంటుంది. వీధిలో అందరికీ తెలిసిందే. బరువెత్తినప్పుడు చర్మం కింద మోచేతి దగ్గర్నుంచి భుజం దాకా పరుగెడుతుంది. మధ్యాహ్నం మనిషి కునుకు తీస్తే చొక్కా చేతిలోంచి దిగి, కాసేపు కాళ్ళు సాగదీసుకుని, మెలకువ వచ్చేలోపు వెనక్కి పోతుంది. సూది వేసే నర్సు ఆ ఇంటివాళ్ళకి ఎప్పుడూ ఎడమ చేతికే వేసేది. వాళ్ళ నాన్న ఎలుక ఆయనతోపాటే ముసలిదై ఇప్పుడు బయటికి రావడం మానేసింది.

సామాను మోసే ఆ సంస్థ నాన్నది. మోకాళ్ళు అరిగిపోయి మూడో అంతస్తు గదిలో మంచానికి అతుక్కుపోయాడు. అంతకు నెల ముందు ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"కింద ఆఫీసులో నా ఉక్కు బీరువా ఉంది. మా నాన్న నాకు పెట్టిన పరీక్ష అదే. మే నెల మొదటి ఆదివారం దాన్ని ఈ గదికి ఒంటిచేత్తో చేర్చినవాళ్ళదే సంస్థ. ఇద్దరూ ఎవరికి వారే చేరిస్తే చెరి సగం. వాదనలు నాకు వద్దు, ఓపిక లేదు."

తమ్ముడికి చెరి సగం అనే మాట రుచించలేదు. అక్క చేరుస్తుందని అతనికి బాగా తెలుసు.

డాక్టరు సామాను ఎక్కించడం అయింది. అక్క కుడిచేత్తో వ్యాను వెనక తలుపు చట్రం పట్టుకుని తాడు బిగిస్తోంది. తమ్ముడు తలుపు తోశాడు. తోసే ముందు అతని కళ్ళు ఆమె చేతిమీద ఒక్క క్షణం ఆగడం ఆమె చూసింది. తలుపు చేతిమీద పడింది. ఆమె చొక్కా చేతిలోంచి బూడిదరంగు ఎలుక ఎగిరి దూకి, వాననీళ్ళు పారుతున్న మురుగుకాలవలో పడి కొట్టుకుపోయింది.

"చూసుకోలేదక్కా," అన్నాడు తమ్ముడు.

ఆసుపత్రిలో కట్టు కట్టిన డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, "ఎముక అతుక్కుంటుంది. ఎలకే వెళ్ళిపోయింది, అది మా చేతిలో లేదు," అన్నాడు.

రెండో అంతస్తులో అద్దెకుండే ఇంగ్లీషు మాస్టారు ఆమెను చూడ్డానికి వచ్చాడు. రిటైరై చాలా కాలమైనా ఎవరు దొరికినా పాఠం చెప్పకుండా వదలడు. పాలవాడికి కూడా మిల్క్ అనే మాట ఇంగ్లీషులోకి ఎలా వచ్చిందో చెప్పి అతని పాలు విరగ్గొట్టిన ఘనుడు.

"మజిల్ అంటాం చూడు," అన్నాడు కుర్చీ లాక్కుని. "దాని పుట్టుక తెలుసా? లాటిన్లో ముస్ అంటే ఎలుక. ముస్కులుస్ అంటే చిట్టెలుక. కండ బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టుంటుందని ఆ పేరు. గ్రీకులూ అంతే, ఎలుకకీ కండకీ ఒకే మాట. అది ఫ్రెంచివాళ్ళ ఇంట కొన్నాళ్ళుండి ఇంగ్లీషువాళ్ళ ఇంటికి చేరింది. సముద్రంలో దొరికే ఒక ఆల్చిప్పకి కూడా అదే మాట, స్పెల్లింగు కాస్త వేరు."

"మాకు తెలిసిందే కదండీ. పుస్తకంలో రాశారన్నమాట."

"రాశారు. ఇంకో అర్థం కూడా ఉంది. హక్కు లేని చోట బలంతో చొరబడటాన్ని మజిల్ ఇన్ అంటారు."

"మా తమ్ముడు చేసింది."

మాస్టారు కిటికీ వైపు చూశాడు. "నేనేమీ అనలేదమ్మా."

"తిండి పెట్టి మచ్చిక చేసుకుని లోపలికి పిలిచేదానికి ఏమంటారండీ?"

ఆయన వేళ్ళమీద మాటలు లెక్కపెట్టుకున్నాడు. "దానికి ఈ మాటలోంచి ఏమీ పుట్టలేదే," అన్నాడు చివరికి, కాస్త నొచ్చుకుని.

"పోన్లెండి. మాట లేకపోయినా పని జరుగుతుంది."

చలికాలం గడిచేసరికి కట్టు విప్పారు. కుడిచెయ్యి ఆరేసిన తువ్వాలులా వేలాడింది. అక్క ఎడమచేత్తో పని నేర్చుకుంది. తాడు పళ్ళతో పట్టి ముడి వేసేది, పెట్టెలు తుంటితో నెట్టేది, పాత దుప్పట్లు బీరువాల కింద పరిచి ఈడ్చేది. తమ్ముడు మాత్రం అప్పుడే యజమాని అయిపోయినట్టు కూలీలను పెట్టి, తాను ఆఫీసు కుర్చీలో వాలి కేకలేసేవాడు. మధ్యాహ్నం అన్నం తిని ఆ కుర్చీలోనే గురక పెట్టేవాడు. అతని ఎలుక దిగి, బల్లమీద అటూ ఇటూ తిరిగేది. బరువు తగలక దానికి ఒళ్ళు తిమ్మిరిగా ఉన్నట్టుంది, కాగితాల మీద పెట్టే గాజు రాయిని ముక్కుతో నెట్టి చూసేది.

అట్టపెట్టెలు కట్టే పిన్ని అది చూసి అక్క చెవిలో, "మా ఇంటి పిల్లిని తేనా? ఒక్క పూటలో పీడా విరగడవుతుంది," అంది.

"వద్దు పిన్నీ. పిల్లి తింటే పిల్లి పొట్టలోకి పోతుంది. నాకేం మిగులుతుంది?"

"వాడి రోగం కుదురుతుందిగా."

"వాడి రోగం కుదరడం నాకు చాలదు."

ఆ మధ్యాహ్నమే అక్క బల్లమీద నాలుగు పొద్దుతిరుగుడు గింజలు పెట్టింది. ఎలుక రాలేదు. మర్నాడు వచ్చి వాసన చూసి పోయింది. ఆ తరవాత తింది. అక్క గింజల్ని రోజూ కాస్త తన వైపుకి జరుపుతూ వచ్చింది. దాన్ని ఒక పేరుతో పిలిచేది. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు, పిన్నికి కూడా. వేసవి వచ్చేసరికి ఎలుక ఆమె ఎడమ అరచేతిలో కూర్చుని తినేది. ఆమె దాని వీపు నిమురుతూ నిద్రపోతున్న తమ్ముణ్ణి చూసేది. ఆ చూపులో జాలి ఏమైనా ఉందేమో అని పిన్ని వెతికింది. లేదు.

మే మొదటి ఆదివారం వచ్చింది. పరీక్ష సాయంత్రం. తమ్ముడు సత్తువ కోసమని మెడదాకా తిని, కాసేపు నడుం వాలుస్తానని కుర్చీలో వాలాడు. ఎలుక దిగింది. అక్క ఎడమచేత్తో గింజ చూపించి, దాన్ని పేరు పెట్టి పిలిచి, వేలాడే కుడిచేతి చొక్కా అంచు దగ్గర పెట్టింది. ఎలుక అంచు దగ్గర ఆగింది. లోపల చీకట్లోకి తొంగి చూసింది, అద్దె ఇల్లు చూసుకునేవాడిలా. తరవాత లోపలికి పోయింది. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి.

సాయంత్రం కూలీలు, పిన్ని, మాస్టారు మెట్ల దగ్గర చేరారు. పై గది తలుపు తెరిచి పెట్టి నాన్న మంచంమీద లేచి కూర్చున్నాడు.

తమ్ముడు ముందుకొచ్చి జబ్బ చరిచాడు. దిండుమీద కొట్టిన చప్పుడొచ్చింది. అతని మొహంలో రంగు మారింది. అయినా నాన్న బరువులు మోసిన తోలు పట్టెడ భుజానికి తగిలించుకుని వంగాడు. బీరువా చెక్కుచెదరలేదు. మళ్ళీ వంగాడు. పంటి బిగువున లాగితే మెడనరాలు తేలాయి గానీ బీరువా కింద పట్టుకున్న దుమ్ము కూడా కదల్లేదు.

"పొద్దున బాగానే ఉందే," అన్నాడు చేతిని చూసుకుంటూ.

"తప్పుకోరా," అంది అక్క.

పట్టెడ కుడి భుజానికి మార్చుకుని లేచింది. బీరువా ఆమెతోపాటు లేచింది. జబ్బమీద చర్మం కింద ఏదో చకచకా పరుగెత్తడం అందరూ చూశారు. తమ్ముడూ చూశాడు. మెట్ల మొదటి మలుపులో ఆమెకి అడ్డం వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కా, అది నాది."

"నీదైతే పిలువు. వస్తే తీసుకుపో."

ఆమె బరువుతోనే నిలబడి ఎదురుచూసింది. తొందరేమీ పడలేదు. తమ్ముడు నోరు తెరిచాడు. ఏమని పిలవాలో అతనికి తెలియదు. పుట్టినప్పటినుంచీ ఒంట్లో ఉన్నదాన్ని అతనెప్పుడూ పిలవలేదు. చివరికి కుక్కని పిలిచినట్టు నాలుకతో చప్పుడు చేశాడు. మెట్లమీద ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

"అయిందా?" అంది అక్క. అతను గోడకి అంటుకుపోయి దారి ఇచ్చాడు.

నాన్న గదిలో బీరువా దించి, తలుపు మంచం వైపు ఉండేలా సరిచేసింది. ఆయన ఆమె చేతివంక చూసి, "ఇది నీ ఎలక కాదే," అన్నాడు.

"నాదెక్కడికి పోయిందో తెలిస్తే ఇది వద్దని చెప్పేదాన్ని నాన్నా."

ఆయన వానలు మొదలయ్యేలోపు పోయాడు.

సంస్థ, వ్యాను, ఆఫీసు అక్కకి వచ్చాయి. నాన్న పట్టెడ పిన్నికి వచ్చింది. ఆవిడ దాన్ని నడుముకి కట్టుకుని పని చేసేది. రెండో అంతస్తు, బతికినంతకాలం అద్దె లేకుండా, మాస్టారికి వచ్చింది. బీరువా నాన్న గదిలోనే ఉండిపోయింది, దాన్ని కిందికి దించమని వీలునామాలో ఆయన ఎక్కడా చెప్పలేదు కాబట్టి.

తమ్ముడికి ఏమీ రాలేదు. తన వాటా అడుగుదామని ఒకసారి వచ్చాడు. ఆ ఇంటి వీధి తలుపు పాతకాలపు టేకుది, బరువైనది. కుడిచేత్తో తోశాడు, తరవాత రెండు చేతులతో తోశాడు, కదల్లేదు. గడియ పెట్టి లేదు. అక్క లోపలే, తలుపుకి నాలుగడుగుల దూరంలో పెట్టెలు సర్దుకుంటోంది.