తౌనో రాసిన రంగులు

గీత వంకర పోయింది, మూడో బేస్ దగ్గర, పొద్దున ఆరింటికి సున్నం బండి తోసింది తనే, తప్పు చేతిది కాదు, నేల లోపల ఇంకా కరగని మంచుగడ్డ చక్రాన్ని పక్కకి నెట్టింది, పోనీ, వంకర గీత దాటినా పరుగు పరుగే, అనుకుంటూ కైసు విసనకర్ర విప్పింది, పది రేకులు, పది రంగులు, పెసపల్లో అనే ఈ ఫిన్లాండు బేస్‌బాల్ ఆటలో కోచ్ అరవదు, రంగులు చూపిస్తుంది, ఆకుపచ్చ పక్కన పసుపు, రేకులు నేలవైపు, అంటే బంతిని ఎడమకి చిన్నగా తట్టు, మూడో బేస్ మీదున్న సైమి ఇంటికి, అంటే బ్యాటు దగ్గరి బేస్‌కి, పరిగెడుతుంది, బ్యాటు పట్టిన మార్తా చూసి తలాడించింది, జడ మళ్ళీ హెల్మెట్‌లోంచి జారింది, ఆ జడ అల్లింది తనే, ఊరవతల పిల్లల్ని వ్యానులో ఎక్కించుకొచ్చింది తనే, మడమలకి పట్టీలు చుట్టడం, జ్వరమేమో అన్న తల్లికి ఫోనులో సర్దిచెప్పడం, సాసేజీల గిన్నె పొయ్యి మీద పెట్టడం, ఎవడో పలకలేదని బట్టలగదిలో ఏడుస్తున్నదానికి ముక్కు తుడుచుకోమని చెప్పి మైదానంలోకి తోలడం, ఒంటిచేత్తో ఐదుగురి పని అంటారు ఊళ్ళో, కైసుకి అలా అనిపించదు, ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది, ఇందులో తనకి రానిది లేదు, అవతలి జట్టు పిల్ల బంతి పైకి ఎగరేసింది, మార్తా తట్టింది, చక్కగా తట్టింది, ఎడమకి, చిన్నగా, కానీ అక్కడ అప్పటికే ముగ్గురు నిలబడి ఉన్నారు, కెర్తు వంగి, పెరట్లో కోడిగుడ్డు తీసినంత తీరిగ్గా బంతి తీసి ఇంటికి విసిరింది, సైమి అవుట్, పోయినేడు దాకా ఈ జట్టులోనే ఆడిన పిల్ల కెర్తు, వేసవిలో వాళ్ళు పక్క ఊరికి మారిపోయారు, ఇప్పుడు ఆ బడి చొక్కాలో ఎంత పొడుగు కనిపిస్తోందో, ఇలా అవుటవడం ఇది నాలుగోసారి, గాలి వాళ్ళవైపు ఉంది, అదృష్టం, అనుకుంది కైసు, నాలుగుసార్లూ అదృష్టమే.

జట్లు చోట్లు మారుతున్నాయి, సైమి వచ్చి నల్లద్రాక్ష రసం గ్లాసు అందుకుని తాగకుండా నిలబడింది, కైసూ, ఒకటి చెప్పనా, చెప్పు, తిడతావు, తిట్టేదే అయితే ఇంకా త్వరగా చెప్పు, బంతికి టైమవుతోంది, కెర్తు మన విసనకర్ర చదివేస్తోంది, ఏం చదువుతుంది, అంతా, పోయినేడు మాతో కలిసే నేర్చుకుందిగా, అవే రంగులు, అవే అర్థాలు, నువ్వింకా మార్చలేదుగా, మీకెప్పుడు తెలుసు అని అడిగింది కైసు, సైమి మార్తా వైపు చూసింది, ఏప్రిల్ నుంచి, మొదటి ప్రాక్టీసుకి నువ్వు పాత సంకేతాల కాగితమే తెచ్చావుగా, అందరికీ తెలుసా, అందరికీ, మరి నోళ్ళేమయ్యాయే, ఈ ఆట పోతే ఫైనల్స్ లేవు, తొమ్మిదో తరగతి అయిపోతోంది, మీకు వచ్చే ఏడాదంటూ లేదు, ఏమనుకున్నారు అసలు, మార్తా అంది, చాలా మెల్లగా, అది తౌనోది కదా.

అది తౌనోది, లెక్కల టీచరు తౌనో, ఇరవయ్యారేళ్ళు ఒకే బల్లకి అటు అతని కాఫీ, ఇటు తన కాఫీ, మార్చి వచ్చిందంటే గళ్ళ కాగితం పరిచి రంగులకి కొత్త అర్థాలు రాసి భార్య కైసు చేతిలో పెట్టేవాడు, ఈ ఏడూ మార్చి వచ్చింది, తౌనో ఫిబ్రవరిలో పోయాడు, వాకిట్లో మంచు తోడుతూ, సగం తోడిన దారి అలాగే ఉండగా మనుషులు వచ్చి వెళ్ళారు, కైసు రెండుసార్లు ఖాళీ కాగితం ముందు కూర్చుంది, రెండుసార్లూ లేచి, కోటు జేబులో మిగిలిన పోయినేటి కాగితాన్నే సాపు చేసుకుంది, మంచి సంకేతాలే కదా, మార్చడమెందుకు, అని తనకి తనే చెప్పుకుంది, నమ్మింది కూడా, పదిహేనేళ్ళ పిల్లలు పన్నెండుమంది ఒక్క మాట పైకి పొక్కనీయకుండా తమ ఆఖరి ఆటని తన కోసం పోగొట్టుకోవడానికి సిద్ధపడి నిలబడ్డారు, పట్టీలు చుట్టేది తనే అనుకుంది, వీళ్ళు ఏప్రిల్ నుంచి తనకి చుడుతున్నారు, ఏడవడానికి ఇంట్లో బోలెడు చోటుంది, ఇక్కడ స్కోరు నాలుగు నాలుగు, దగ్గరికి రండి అంది, మొహాలు మామూలుగా పెట్టండి, కెర్తు చూస్తోంది, వినండి, విసనకర్రని శ్రద్ధగా చూడండి, ఒక్క ముక్క నమ్మకండి, నా ఎడమ చెయ్యి చూడండి, జేబులో ఉంటే కుడివైపు గట్టిగా కొట్టాలి, బయట ఉంటే ఎడమకి చిన్నగా, అంతేనా అంది సైమి, అంతే, నేను లెక్కల టీచర్ని కాను, మార్తా నవ్వాపుకోబోయి రసం ముక్కులోకి పోయి దగ్గింది.

అవతలివాళ్ళని పరుగు తీయనివ్వలేదు పిల్లలు, ఇక ఆఖరి విడత తమది, ఇద్దరు అవుట్, మళ్ళీ మూడో బేస్ మీద సైమి, మళ్ళీ బ్యాటు దగ్గర మార్తా, ఒక్క పరుగు చాలు, కైసు ఆకుపచ్చ పక్కన పసుపు పెట్టింది, రేకులు నేలవైపు, ఎడమ చెయ్యి జేబులో దోపింది, వేళ్ళకి మడిచిన కాగితం తగిలింది, వచ్చేయండి, దగ్గరికి వచ్చేయండి, చిన్నది, ఎడమకి, అని కెర్తు అరుస్తోంది, మార్తా, ఇంకా పాత పాఠమేనా, కొత్తవి రావా మీకు, నేర్చుకుంటున్నాంలేవే, నీ అంత తెలివి లేదు మాకు, అంది మార్తా, బంతి లేచింది, బ్యాటు మోగింది, బంతి నేలని రాసుకుంటూ కుడివైపు పోయింది, అటు మనిషి లేదు, సైమి వంకర గీతా కంకరా చూసుకోకుండా వచ్చి ఇంటిమీద పడింది, పరుగు, కైసూ, ఇది మోసం, అని కెర్తు అరిచింది, నిన్నెవరు చదవమన్నారే, అయినా బాగా చదివావు, ఒక్క తప్పు లేదు, అంది కైసు, కెర్తుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, దాన్నీ దగ్గరికి లాక్కుంది, అదీ తన పిల్లే.

పిల్లలు అరుస్తున్నారు, సాసేజీలు మాడిన వాసన, ఆ పొగలో ఉన్నట్టుండి తౌనో, నడివేసవి పండగ ముందురోజు, ఆవిరిస్నానాల సౌనా గదిలో పొయ్యి ముందు మోకాళ్ళ మీద, బిర్చి మొద్దుల కింద గళ్ళ కాగితం దూర్చి అగ్గిపుల్ల గీస్తూ, ఏటేటా చూసిందే, ఇన్నాళ్ళూ గుర్తు రానిదే, ఓసారి అడిగింది కూడా, నెల్లాళ్ళు కూర్చుని రాసింది తగలబెడతావేం, దాచుకోవచ్చుగా, ఏం చేసుకోను, ఆడేశాంగా, అన్నాడు వెనక్కి తిరక్కుండానే, పోయినేటిదీ అలాగే బూడిదైంది, అయితే ఈ జేబులోది, తీసి చూసింది, గళ్ళ మీద తన అక్షరాలే, మైదానంలో చూసుకోవడానికి తను ఎత్తి రాసుకున్న నకలు, ఇన్ని నెలలూ తౌనోదని పట్టుకున్నది తన చేతిరాతని, తౌనో ఏ ఏటి రంగుల్నీ మరో ఏటికి దాచలేదు, మార్చిలో ఖాళీ గళ్ళ ముందు కూర్చోవడం ఒక్కటే అతను ఏటేటా చేసింది, ఫైనల్స్‌కి పన్నెండు రోజులుంది, రేపు శనివారం, తను కూర్చుంటుంది, లెక్క ఎక్కడైనా తప్పితే సైమి దిద్దుతుంది.