భాగహారంలో పోయిన కప్పు

గేమ్ కంపెనీ మూడో అంతస్తులో అందరూ ఆమెను జల్లెడ అని పిలిచేవారు. పాత లీగుల వివరాలు ఏవైనా సరే, ఆమె చేతి మీదుగా వెళ్లాకే గేమ్‌లోకి ఎక్కాలి. నలభై రెండేళ్ల కిందటి ఫుట్‌బాల్ లీగులో గెలుపుకు మూడు కాదు, రెండే పాయింట్లని పోయిన నెల పట్టుకున్నది ఆమే. అప్పటి నుంచి ఆమె కుర్చీలోంచి లేస్తే చాలు, ప్రోగ్రామర్ల గుండెల్లో రాయి పడేది.

ఆ మధ్యాహ్నం ఆమె మళ్లీ లేచింది. తిన్నగా టీమ్ లీడర్ బల్ల దగ్గరకు వెళ్లింది.

"సార్, అదే లీగు. కప్పు తప్పు జట్టుకు పోతోంది. గెలిచింది మిల్లు జట్టు కాదు, రేవు జట్టు."

లీడర్ గడియారం చూసుకున్నాడు. నాలుగింటికల్లా గేమ్ పంపించెయ్యాలి.

"అమ్మా జల్లెడా, రెండింటికీ ముప్పై రెండే పాయింట్లు. మిల్లు అరవై గోల్స్ కొట్టి, ఎదుటివాళ్ల చేతిలో ముప్పై తింది. తేడా ముప్పై. రేవు నలభై నాలుగు కొట్టి పద్దెనిమిది తింది. తేడా ఇరవై ఆరు. ఏది పెద్దది?"

"ముప్పైయే. కానీ అప్పటి పేపర్లో రేవు పైనుంది."

"అచ్చుతప్పు."

ఆమె లైబ్రరీలో తీయించుకున్న నకలు బల్లమీద పరిచింది. చివరి నిలువు వరుస పేరు సిరా అలుక్కుపోయి కనిపించడం లేదు. దాని కింద అంకెలు మాత్రం ఉన్నాయి. రేవుకు 2.44. మిల్లుకు 2.00.

"అచ్చుతప్పు ఒకచోట పడుతుంది సార్, పన్నెండు చోట్ల పడదు. తేడా అయితే ఈ దశాంశాలెందుకు? కొట్టినవాటిని తిన్నవాటితో భాగించి చూశాను. పన్నెండు జట్లకీ సరిపోయింది. పాయింట్లు సమానమైతే అప్పట్లో భాగించేవాళ్లు, తీసేసేవాళ్లు కాదు."

లీడర్ తల పట్టుకున్నాడు. అతని బాధ వేరు.

"మా మామగారు ఆ మిల్లు జట్టులో తొమ్మిదో నంబరు. పెళ్లయి మూడేళ్లయినా నాతో ఊఁ అనడం, సరే అనడం తప్ప మాట్లాడి ఎరగడు. మీకో కానుక ఉంది, చూద్దురుగాని రండని చెప్పాను. మూడింటికి వస్తున్నాడు. ఇప్పుడు నువ్వొచ్చి నా కాపురంలో నిప్పులు పొయ్యకు."

"ఆయన్నే అడుగుదాం సార్," అంది జల్లెడ, కాగితం మడవకుండానే.

మామగారు మూడింటికి అయిదు నిమిషాల ముందే వచ్చాడు. మోకాలు పట్టుకుని కూర్చుని, కళ్లజోడు సర్దుకుని, తెరమీద పట్టికను వేలితో పైనుంచి చదివాడు. వేలు మొదటి వరుస దగ్గరే ఆగింది.

"ఇదేంటి అల్లుడుగారూ, మాకు కప్పెప్పుడొచ్చింది?"

"మీదే కావాల్సిందని మీరేగా అందరితో అంటారు మామయ్యగారూ."

"కావాల్సింది అన్నాను గానీ, అయ్యిందన్నానా? ఆరు గోల్స్‌లో పోయింది. ఓ ఆరు తక్కువ తినుంటే మాదే."

జల్లెడ పెన్సిలు తీసింది. ముప్పైలో ఆరు పోతే ఇరవై నాలుగు. అరవైని దానితో భాగిస్తే రెండున్నర, రేవును దాటింది. అయిదే తగ్గిస్తే 2.40, చాలదు. సరిగ్గా ఆరు కావాలి.

"చూశారా సార్," అంది. "తేడా లెక్కయితే ఈయన అప్పటికే గెలిచినట్టు, ఇన్నేళ్లు బాధపడే పనే లేదు. ఆ ఆరు భాగహారంలోనే పుడుతుంది."

"ఈ అమ్మాయెవరు?" అన్నాడు మామగారు.

"జల్లెడండి. ఏ తప్పూ జారిపోనివ్వదు."

"మా జట్టులో ఇలాంటివాళ్లు ఒక్కరున్నా బాగుండేది." ముసలాయన నవ్వాడు. "కొట్టడం ఒక్కటే ఆట అనుకున్నాం తల్లీ. బంతి మా గోల్ వైపు వెళ్తే నేను నడుం మీద చేతులేసుకుని చూసేవాణ్ణి. రేవు గోల్‌కీపరు రోజూ పొద్దున్నే నాతోనే నడకకొస్తాడు. వాడు గానీ ఇది చూశాడా, పార్కు చుట్టూ తిప్పి తిప్పి నవ్వుతాడు. మార్పించండి."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు లీడర్.

"ప్రోగ్రామర్లకు లెక్క రాసిచ్చి అరగంటయింది సార్. మీరు ఊఁ అంటే చాలు."

లీడర్ ఊఁ అన్నాడు. మూడున్నర కాకముందే రేవు పైకెక్కింది, మిల్లు రెండోదయింది.

"మీ కానుక పోయింది మామయ్యగారూ."

"ఎక్కడ పోయింది? ఇచ్చిన కప్పుతో నేనేం చేసుకోను? ఆ ఏడాది మళ్లీ మొదటి మ్యాచ్ నుంచి ఆడొచ్చా?"

"ఆడొచ్చు."

"అయితే ఇటివ్వండి."

ఆయన కంట్రోలర్‌ను తలకిందులుగా పట్టుకున్నాడు. జల్లెడ తిప్పి చేతిలో పెట్టింది. ఆట మొదలైన రెండో నిమిషంలోనే బంతి మిల్లు గోల్ వైపు దూసుకుపోయింది. తొమ్మిదో నంబరు మాత్రం మైదానం మధ్యలో నిలబడి చూస్తున్నాడు.

"తల్లీ, వీణ్ణి వెనక్కి పిలిచే మీట ఏది?"

ఆమె చూపించింది. ఆయన బొటనవేలితో గట్టిగా నొక్కాడు. తొమ్మిదో నంబరు వెనక్కి తిరిగి పరిగెత్తాడు.