ఇతర వివరాలు

కమోడ్ మూత ఎత్తి నెస్టా టార్చి వేసి చూసింది. నీళ్ళు ఇంకిపోయి గిన్నెలో గోధుమరంగు చారలు మిగిలాయి. వంటగది కిటికీ గట్టు మీద ఈగలు వెల్లకిలా పడి ఎండిపోయాయి. కరెంటు మీటరు ఆరు నెలల కిందటి అంకె మీద రెండు యూనిట్లు తిరిగింది, అంతే. అట్టకు బిగించిన కాగితం మీద ‘ఖాళీ’ అన్నచోట టిక్కు పెట్టి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.

ఇల్లు ఖాళీగా ఉందో లేదో తేల్చడం ఆమె ఉద్యోగం. స్థానిక కౌన్సిల్‌లో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆ వెల్ష్ కొండల్లో మనుషులున్న ఇళ్ళకంటే మూసిన ఇళ్ళతోనే ఆమెకు పరిచయం ఎక్కువ. యజమానులు స్పెయిన్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. మేం అక్కడ లేనే లేం, ఇంటిపన్ను తగ్గించండి అని రాస్తారు. పరాయి దేశంలో ఉన్నంత మాత్రాన పన్ను తగ్గదు. ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలి, ఆ కారణం రూల్సులో ఉండాలి, ఏడాదికోసారి ఫారం నింపి పంపాలి. పోయిన వారం, స్పెయిన్‌లో ఉంటున్నామన్న వాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ తెరిస్తే పాలు విరగనైనా లేదు. ఆమె కోప్పడలేదు. సీసా మీది తేదీ రాసుకుని వచ్చేసింది.

కౌన్సిల్ కారులో కూర్చుని, చీజ్ పెట్టిన రొట్టె సగం తిన్నాక, ఆఫీసు నుంచి హెఫిన్ ఫోన్ చేశాడు. ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, పైఅధికారి.

“నెస్టా గారూ, ఆ కోరిస్ ఊళ్ళోని ఇంటి ఫారం ఇంకా రాలేదండీ. రెండుసార్లు గుర్తు చేశాం. పైగా ఆ ఇంట్లో లైటు వెలుగుతోందని ఎవరో ఉత్తరం రాశారు.”

“ఈ మధ్యాహ్నం వెళ్తున్నాను.”

“ఎవరైనా ఉంటున్నట్టయితే పన్ను మినహాయింపు తీసేద్దాం. లేకపోయినా ఫారం కోసం శుక్రవారం దాకానే ఆగగలను.”

“తెలుసు,” అంది. మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

ఆ ఇల్లు ఎమ్లిన్‌ది. బస్సు డ్రైవరు. నెస్టా ఉండే బ్రిత్‌దిర్ గ్రామం మీదుగా పట్నానికి వెళ్ళే పొద్దుటి బస్సు ఇరవై రెండేళ్ళు నడిపాడు. పక్షవాతం వచ్చిన తల్లిని నర్సుకు అప్పజెప్పి నెస్టా స్టాపుకు వచ్చేసరికి రోజూ రెండు నిమిషాలు దాటిపోయేది. ఎమ్లిన్ ఆగేవాడు. ఆమె కోసం ఆగాడని ఎవరూ అనుకోకుండా పక్క అద్దం సరిచేసుకుంటున్నట్టు కూర్చునేవాడు. ఆమె ఎక్కాక, “వానొస్తుందంటారా?” అనేవాడు. ఆమె, “రావచ్చు,” అనేది. తల్లి పోయాక నెస్టా వేళకే రావడం మొదలుపెట్టింది. అయినా అతను ఆ రెండు నిమిషాలు అద్దం సరిచేస్తూనే ఉన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

అతను రిటైరైన ఏడాది ఆమె బల్ల మీదికి ఒక ఫారం వచ్చింది. ‘ఇల్లు ఖాళీగా ఉండుటకు కారణం: జబ్బుపడిన అక్కను చూసుకొనుటకు వెళ్ళితిని. దేశం: అర్జెంటీనా.’ నూట యాభై ఏళ్ళ కిందట ఇక్కడి నుంచి ఓడెక్కి పోయినవాళ్ళ మునిమనుమలు అక్కడి పటగోనియాలో ఇంకా వెల్ష్ భాషే మాట్లాడతారు. అతని అక్క ఒల్వెన్ వాళ్ళలో ఒకతన్ని పెళ్ళాడి అక్కడ స్థిరపడింది. అతను దేశం విడిచాడని నెస్టాకు ఆ ఫారం చదివాకే తెలిసింది. ముద్ర వేసి, మినహాయింపు మంజూరు చేసింది.

మరుసటి ఏడాది ఫారంలో, ఎవరూ ఏమీ రాయని ‘ఇతర వివరాలు’ గడిలో, ఒక వాక్యం ఉంది: ‘ఇక్కడ గాలి ఎక్కువ. రోడ్లకు మలుపులు లేవు, డ్రైవర్లు నిద్రపోతారు.’

ఆఫీసు ఉత్తరాల కింద సంతకం ఆమెదే ఉండేది. అందువల్ల రాశాడో, ఊరికే రాశాడో తెలియదు. మంజూరు ఉత్తరం అడుగున ఆమె పెన్నుతో రాసింది: ‘ఇక్కడ మలుపులు అలాగే ఉన్నాయి.’

మూడో ఏడు: ‘మీ స్టాపు ఉందా?’ ఆమె జవాబు: ‘ఉంది. రేకు మార్చారు.’ నాలుగో ఏడు: ‘ఏం రంగు?’ ‘ఆకుపచ్చ.’ ఏడాదికి ఒక ప్రశ్న, ఒక జవాబు. ఏప్రిల్ వచ్చిందంటే ఆమె టపా తానే విప్పుకునేది. ఈ ఏప్రిల్ పోయింది. జూలై వచ్చింది.

కోరిస్‌లో వాన సన్నగా పడుతోంది. ఎమ్లిన్ ఇంటి తాళంచెవి ఉంచుకున్న పక్కింటి ఎయిర్వెన్‌కు ఎనభై దాటాయి. నెస్టా ఆవిడ తలుపు తట్టేసరికి ఆవిడ ఎమ్లిన్ ఇంట్లోంచే బయటికి వచ్చింది. లోపల వంటగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టి ఉంది. దాని నిండా తడిబట్టలు.

“ఇదేంటి, ఎయిర్వెన్ ఆంటీ?”

“ఈ వానకి మా ఇంట్లో ఆరతాయా, నువ్వే చెప్పు. ఎవరు రాశారు మీకు, ఎదురింటాయనేనా? ఆయనవి పిల్లికళ్ళు.”

“బట్టలుంటే మనుషులున్నట్టు లెక్క.”

“నా లంగాలు ఇక్కడ కాపురం పెట్టాయని రాసుకుంటావా?”

నెస్టాకు నవ్వొచ్చింది. “నేను మేడ మీద చూసొస్తాను. కిందికి దిగేసరికి ఇవి ఉండకూడదు.”

ఆవిడ కదల్లేదు. తాడు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

“నిన్ననే ఉత్తరం వచ్చింది, తల్లీ. ఎవరికి చెప్పాలో తెలియక ఊరుకున్నా. ఎమ్లిన్ పోయాడు. జూన్‌లో. అక్కడ చలికాలమట, ఊపిరితిత్తులకి నిమ్ము చేసిందట.”

నెస్టా చేతిలోని అట్టను కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది.

ఒల్వెన్ రాసిన ఉత్తరం చిన్నది. అందులో మడత పెట్టిన కాగితం ఇంకొకటి ఉంది. ‘ఇది వాడి కోటు జేబులో దొరికింది. ఎవరిదో వాళ్ళకి అందజెయ్యి,’ అని రాసింది. అది కౌన్సిల్ ఫారం. పేరు, చిరునామా, కారణం, అన్నీ నింపి ఉన్నాయి. సంతకం ఉంది. మే నెల తేదీ ఉంది. చివరి గడిలో అక్షరాలు ఎప్పటికంటే చిన్నవి, పట్టవని ముందే తెలిసినట్టు:

‘అక్క కర్ర పట్టుకుని వాకిలి దాకా నడిచింది. చలికాలం దాటితే ఇంటికి వస్తాను. ఆ పొద్దుటి బస్సులో మీ పక్కన కూర్చుంటే అభ్యంతరమా?’

నెస్టా రెండుసార్లు చదివింది. ఫారం మడిచి బ్యాగులో ఫైలు సంచిలో పెట్టింది. ఎయిర్వెన్ బట్టలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేసింది. ఇద్దరూ కలిసి దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టారు. తాడు విప్పారు.

“టీ తాగి వెళ్ళు.”

“పని అయ్యాక వస్తాను, ఆంటీ.”

ఆవిడ వెళ్ళాక నెస్టా హెఫిన్‌కు ఫోన్ చేసింది. ఫారం దొరికిందని, మనిషి పోయాడని చెప్పింది.

“అయ్యో, పాపం. అయితే మినహాయింపు తీసెయ్యక్కర్లేదండీ. చనిపోయినవాళ్ళ ఇళ్ళ కిందికి మారుస్తాం. ‘జె’ తరగతి తీసి ‘ఎఫ్’ పెడితే సరి.”

“పన్ను?”

“సున్నాయే. మీకు తెలియందేముంది. మీకు పరిచయమా?”

“బస్సు నడిపేవాడు,” అంది నెస్టా.

ఫోన్ కోటు జేబులో వేసుకుని పని మొదలుపెట్టింది. మీటరు అంకె రాసుకుంది. మేడ మీద రెండు గదులు చూసింది. మంచం మీద పరుపు చుట్టి తాడు కట్టి ఉంది. అలమరలో ఖాళీ హేంగర్లు. కిటికీ గొళ్ళెం లాగి చూస్తే గట్టిగానే ఉంది. ‘సామాన్లు కలవు. నివాసం లేదు,’ అని రాసింది. కింద ‘ఇతర వివరాలు’ దగ్గర పెన్ను ఆగింది. ఆ గడికి అడ్డంగా గీత గీసి తేదీ వేసింది.

ఆఖరున బాత్రూంలోకి వెళ్ళింది. వాష్‌బేసిన్ అంచున, నాలుగేళ్ళకు పైగా ఎవరూ తడపని సబ్బుబిళ్ళ నెర్రెలు వారి, పాలరాయిలా గట్టిపడి, ఒక పక్క అతని బొటనవేలు ఆనిన చోట నున్నగా గుంట పడి ఉంది.