రెండో అంతస్తు ఇన్‌ఛార్జి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల షాపు రెండో అంతస్తుకు నేనే ఇన్‌ఛార్జిని. ఈ భానుప్రియ ఉందంటే అక్కడ పిన్నీసు కూడా కింద పడటానికి భయపడుతుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం! పదో తరగతి తప్పినదాన్ని. ఎల్బీనగర్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చి, చీరలు మడతపెట్టీ మడతపెట్టీ ఇక్కడిదాకా ఎక్కాను. ఎవడబ్బ సొమ్మూ కాదు.

పట్టు సెక్షన్‌లో ఉండే అండాలక్క నాకంటే బాగా పెద్దది. నాకు పని నేర్పింది ఆమే. కొంగు పరిచేటప్పుడు చేయి ఎలా తిప్పాలో, ముఖం చిట్లించుకున్న గిరాకీని ఎలా నవ్వించాలో ఆమెను చూసే తెలుసుకున్నాను. మా షాపులో చీరలు చూపించే ఆడవాళ్లు పొద్దున తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి, గిరాకీ లేకపోయినా సరే. ఆ రూలు పెట్టినవాణ్ణి ఇద్దరం కలిసి ఎన్ని శాపనార్థాలు పెట్టేవాళ్లమో!

ఇన్‌ఛార్జినయ్యాక కదా అసలు సంగతి తెలిసింది. ఒకరిని కూర్చోనిస్తే అంతస్తంతా కూర్చుంటుంది. ఆషాఢం సేల్‌లో ఓ మధ్యాహ్నం అండాలక్క మోకాళ్లు పట్టుకుని మూట మీద కూలబడితే, అందరి ముందే అరిచాను.

"ఏందక్కా, గిది నీ ఇల్లనుకున్నవా? లే!"

లేచింది. "అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అని అమ్మాయిలు గుసగుసలాడుకున్నారు. నా చెవిన పడింది. పడనీ! ఆ సేల్‌లో మా అంతస్తు అమ్మకాలు చూసి ఓనరు రామమోహనరావు గారు అందరినీ పిలిచి నన్ను మెచ్చుకున్నారు. బస్సులో ఇంటికి వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను.

శ్రావణమాసం పెళ్లిళ్లయ్యాక గిరాకీ పడిపోయింది.

"ఒకళ్లని తగ్గించాలమ్మా భానూ. ఎవరనేది నువ్వే చెప్పు. నీ మాటే ఖాయం" అన్నారు ఓనరు గారు.

తనవాళ్లను కాపాడుకుందని నన్నెవరూ వేలెత్తి చూపకూడదు. "అండాలక్క, సార్" అన్నాను. ఆ పేరు చెప్పాక నా మీద నాకే గౌరవం పెరిగింది.

మా షాపులో పని మానేసేవాళ్లకు బొట్టు పెట్టి, చీర పెట్టి పంపుతారు. పెట్టేది ఇన్‌ఛార్జి. ఆ తర్వాత ఇద్దరిలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లకు మొక్కుతారు. ఈసారి వంగాల్సింది నేను. అమ్మాయిలంతా నన్నే చూస్తున్నారు. వీళ్ల ముందు వంగితే రేపు నా మాట ఎవరు వింటారు? బొట్టు పెట్టాను, చీర చేతికిచ్చాను, నిటారుగా నిలబడ్డాను.

అండాలక్క చీరను కౌంటరు మీద పెట్టేసింది.

"భానూ, దసరా దాంక ఉంచుమని సారుకు జర చెప్పరాదే. కిరాయి నేనొక్కదాన్నే కడుతున్న" అంటూ, కౌంటరు అంచు పట్టుకుని మెల్లగా కిందికి వంగి నా పాదాలు పట్టుకుంది.

అయ్యో, పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాళ్లు పట్టుకుంటే ఆయుక్షీణం! ఎవరైనా ఎగిరి అవతలికి గెంతుతారు. నేను కదల్లేదు. భయంతో కొయ్యబారిపోయానని అందరూ అనుకుని ఉంటారు. కాదు. నాకు బాగుంది. ఆమె నెరిసిన పాపిట పైనుంచి చూస్తూ, ఇంకాసేపు అలాగే ఉంటే బాగుండుననిపించింది.

కొత్తగా చేరిన మౌనిక పరుగెత్తుకొచ్చి ఆమెను లేపింది. "సార్‌కి మీరొక్క మాట చెప్తే ఉంచుతరు కదా?" అంది నాతో, కళ్లనీళ్లతో.

"నీ పని నువ్వు చూస్కో" అన్నాను.

అండాలక్క గోడ పట్టుకుంటూ ఒక్కో మెట్టూ దిగింది. ఓనరు గారు కింద క్యాష్ కౌంటరు దగ్గరే ఉన్నారు. ఆయన నా మాట కాదనరు, ఆ సంగతి నాకు తెలుసు. ఆమె గుమ్మం దాటేదాకా చూశాను. ఛీ, ఆ ఒక్క మాట నేను చెప్పలేదు.