విప్పని వర్గమూలం

పిల్లలు నాకు పెట్టిన పేరు కత్తెర. మార్కులు కత్తిరిస్తానని. ఆ పేరు చెవిన పడినప్పుడల్లా లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే పాఠం, అవే మాటలు. రెండు సంఖ్యల మధ్య అకరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయగలిగేది కావాలంటే, రెండూ కలిపి సగం చెయ్యండి. కరణీయ సంఖ్య, అంటే ఏ భిన్నానికీ లొంగకుండా, దశాంశాలు ఒకే వరసలో తిరిగి రాకుండా అంతూ పొంతూ లేకుండా సాగేది కావాలంటే, రెండూ గుణించి వర్గమూలం గుర్తు కింద పెట్టండి.

"పెట్టి వదిలెయ్యండి. విప్పారో, వీపు విమానం మోతే," అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్లు. నా క్లాసులో నేను తప్ప ఇంకెవరూ జోకులు వెయ్యకూడదు.

"రెండుకీ మూడుకీ మధ్య ఎన్ని సంఖ్యలుంటాయి?" అని మొదటిరోజు అడిగితే లిఫ్టు మెకానిక్ కూతురు లేచి నిలబడింది.

"లెక్కలేనన్ని సార్. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఎక్కడైనా ఆగిపోవచ్చంటారు మా నాన్న."

జవాబు బాగుంది. బాగుందని నోరారా అంటే నా సొమ్మేం పోయేది? "అయితే నువ్వు అక్కడే ఇరుక్కో, మీ నాన్నొచ్చి తీస్తాడు," అన్నాను. క్లాసు గొల్లుమంది.

తర్వాత నెలలో పరీక్ష పెట్టాం. మొదటి ముప్పై ఐదు మంది 'ఎ' సెక్షన్‌కి వెళతారు, వాళ్లకే పైస్థాయి లెక్కల పుస్తకం ఇస్తాం. మిగతావాళ్లకు దాని అట్ట కూడా దొరకదు. ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ బీరువా అద్దంలోంచి ఆ పుస్తకం వంక చూడటం రెండు మూడుసార్లు నా కంట పడింది.

నాలుగో ప్రశ్న నేనే రాశాను: 2కి, 8కి మధ్య ఒక అకరణీయ సంఖ్య, ఒక కరణీయ సంఖ్య కనుక్కోండి. మొదటిదానికి అందరిలాగే ఆమె కూడా 5 అని రాసింది. రెండోదానికి మాత్రం 2.1010010001... అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో, "ఒకటి తర్వాత సున్నాలు ఒక్కొక్కటే పెరుగుతూ పోతాయి, కాబట్టి వరస తిరిగి రాదు" అని చేర్చింది. నేను చెప్పిన పద్ధతి కాదు. రెండు మార్కులూ కత్తిరించాను.

పేపర్లు ఇచ్చే రోజు ఆమెది పైకెత్తి అందరికీ చూపించాను.

"ఇదేంటమ్మా, ఫోన్ నంబరా? చేస్తే ఎవరైనా ఎత్తుతారా?"

నవ్వులు. ఆ పిల్ల లేచి, "సార్, అది..." అని నా మొహంకేసి చూసింది. వెనక్కి తిరిగి నవ్వుతున్నవాళ్లను చూసింది. "ఏం లేదు సార్," అని కూర్చుంది. ఒక్క మార్కు తేడాతో ఆమెది ముప్పై ఆరో స్థానం అయింది. లిస్టు గోడకెక్కింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో అప్పగించడానికి పేపర్లు కట్ట కడుతున్నాను. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడి ఆమె పేపరు మీద చెరిపేసిన పెన్సిల్ గీతలు కనిపించాయి. √(2×8) = √16 = 4. ఇది కరణీయం కాదే?

నాలుగు. భిన్నం కూడా అక్కర్లేని నాలుగు. మిగతా పేపర్లు తిరగేశాను. యాభై ఒక్క మంది √(2×8) అని రాసి, నేను నేర్పినట్టే విప్పకుండా వదిలేశారు. యాభై ఒక్క మందికీ పూర్తి మార్కులు వేసింది నేనే. లబ్ధం ఏ సంఖ్యకూ వర్గం కాకపోతేనే ఆ పద్ధతి పనిచేస్తుందని ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు. తెలియక కాదు, చెప్పాలనిపించక.

రెండు రోజులు నోరు మెదపలేదు. ఎవరు చూశారు గనక, లిస్టు కూడా అయిపోయింది కదా అని సర్ది చెప్పుకున్నాను. మెట్ల మీద ఆ పిల్ల ఎదురై ఎప్పటిలాగే "నమస్తే సార్" అంది. ఆ నమస్కారానికి బదులివ్వలేక సెల్‌ఫోన్ చూస్తున్నట్టు నటించాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మూడోరోజు పేపరు పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్లాను.

"యాభై ఒక్క మందికి మార్కులు తగ్గించాలంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా? వాళ్లకేం చెప్పమంటారు మాస్టారూ?" అన్నారావిడ.

"లెక్కల మాస్టారికి పదహారు వర్గమూలం తెలియదని చెప్పండి మేడమ్."

ఆవిడ నవ్వలేదు. లిస్టు కాగితం ముందుకు లాక్కుని, "ఎవరినీ కిందికి దించొద్దు. 'ఎ' సెక్షన్‌లో ఇంకో కుర్చీ వేయిస్తాను. పిల్లలకు మాత్రం మీరే చెప్పండి," అన్నారు.

రెండు సెక్షన్లనూ కూర్చోబెట్టి, బోర్డు మీద √16 = 4 అని రాసి, తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల జవాబే సరైనదన్నాను. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ పిల్ల మాత్రం తలెత్తలేదు.

బెల్లు కొట్టాక స్టాఫ్‌రూమ్‌కి పిలిచి, బీరువా తెరిచి పుస్తకం చేతికిచ్చాను. రెండు చేతులతో అందుకుంది.

"నాలుగని నీకు పరీక్షలోనే తెలుసు. పేపర్లు ఇచ్చినరోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

పుస్తకం అట్ట తడిమింది.

"అప్పుడందరూ నవ్వుతున్నారు కదా సార్. నేను చెప్తే ఆ నవ్వు మీ మీదకి తిరిగేది. మీకు బాధగా ఉంటుందని..."

ఆమెకు పద్నాలుగేళ్లు, నాకు నలభై తొమ్మిది. బీరువా తలుపు వేశాను. గడియ పడింది. పడలేదన్నట్టు మళ్లీ వేశాను.