ఇంజన్లో లేని అద్దం

నేను ఒక చిన్న గుండ్రటి అద్దాన్ని. పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద మొహం, దాని వెనక రేడియో ఏరియల్‌లా సాగే సన్నటి కడ్డీ. మొహం చూసుకోవడానికి నన్నెవరూ కొనరు. తల పట్టని చోట, గొట్టాల వెనకా మరల కిందా ఏముందో చూడడానికి కొంటారు. అందుకని మనుషుల మొహాల కంటే, వాళ్లు చూడకుండా వదిలేసే మూలలే నాకు బాగా తెలుసు.

ఫరీదాబాద్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో తయారయ్యాను. రాణీగంజ్‌లో ఒక పనిముట్ల దుకాణంలో ఏడాది పడి ఉన్నాక లింబాద్రి నన్ను కొన్నాడు. నిజామాబాద్ నుంచి వచ్చి విమానాల మరమ్మతు నేర్చుకుంటున్న రోజులవి. కొన్ననాడే సూదితో నా కడ్డీ మీద 'లిం' అని గీశాడు. వారం తిరక్కుండా కింద పడేసి నా అంచు చిట్లగొట్టాడు. అయినా మార్చలేదు.

ఉద్యోగంలో చేరాక నాకు పని లేకుండా పోయింది. విమానాల షెడ్డులో పనిముట్లన్నీ కంపెనీవే. ప్రతిదానికీ ఒక నంబరు, సొరుగులో దాని ఆకారానికే కోసిన ఒక గుంట. పని ముగిశాక ఒక్క గుంట ఖాళీగా కనిపించినా, పనిముట్టు ఇంజన్లో ఉండిపోయిందేమోనని విమానం కదలనివ్వరు. సొంత పనిముట్టు తేవడం అక్కడ పెద్ద తప్పు. దానికి గుంట ఉండదు కనక, పోయినా ఎవరికీ తెలియదు. ఈ సంగతి కొత్తవాళ్లకు చెప్పేది లింబాద్రే. చెబుతున్నప్పుడు నేను అతని చొక్కా జేబులోనే ఉండేదాన్ని.

ఒకరోజు రాత్రి కంపెనీ అద్దం పగిలింది. దాని గుంటలో ఎర్ర చీటీ పెట్టారు. కొత్తది రావడానికి రెండు గంటలు పడుతుందన్నారు. విమానం తెల్లవారే బయల్దేరాలి. లింబాద్రి నన్ను తీశాడు. ఇంజన్ వెనక ఒక గొట్టం అతుకు చూశాడు, నాలో కనిపించినదాన్ని నియమం ప్రకారం ఫొటో తీశాడు, సంతకం పెట్టాడు, నన్ను మడిచి జేబులో వేసుకున్నాడు. జేబులో వేసుకున్న సంగతి నాకు తెలుసు. అతనికే గుర్తులేదు. చెయ్యి అలవాటుగా చేసిన పని మనసుకు ఎక్కదు.

ఇంటికొచ్చి పడుకున్నాడు. భార్య గంగామణి పని బట్టలు తడుపుతూ జేబులో నన్ను చూసింది. లేచాక ఇద్దామని కుట్టుమిషన్ సొరుగులో బాబిన్ల పక్కన పెట్టింది. అతను లేచేసరికి ఆ విమానం కూలిపోయింది. ఎంతమంది పోయారో ఆ లెక్క నేను చెప్పను. ఆ వార్త విన్నాక లింబాద్రికి నేను గుర్తొచ్చాను, సంచీ అంతా వెతికాడు. గంగామణికి నేను గుర్తులేను.

మర్నాడు అతనే వెళ్లి అధికారికి చెప్పుకున్నాడు, సొంత అద్దం వాడానని, ఇప్పుడది కనబడడం లేదని. ఇంట్లో ఉండమన్నారు. భార్యకు మాత్రం, ఆ విమానం మీద పనిచేసిన అందరినీ అలాగే కూర్చోబెట్టారని చెప్పి ఊరుకున్నాడు. టీవీ తీగ పీకేశాడు.

"ఏం పోయింది? రెండ్రోజుల సంది బీరువ అంత తిరగేస్తున్నవ్," అని అడిగింది గంగామణి.

"ఏం లేదు. ఏదో రశీదు."

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. అద్దానికి నోరుండదు.

పై అంతస్తు టీవీ మా గదిదాకా వినిపించేది, మిషన్ చప్పుడులో గంగామణి చెవికి మాత్రం ఎక్కేది కాదు. మొదటిరోజు కారణం పక్షి. రెండోరోజు పైలట్ నిద్ర. మూడోరోజు కల్తీ ఇంధనం. నాలుగోరోజు చానెళ్లకు నా సంగతి ఎలాగో తెలిసింది. అద్దం ఇంజన్లో మరిచిపోయారని తేల్చేశారు. నన్ను జన్మలో చూడని పెద్దమనిషి నా బరువు చెప్పాడు. ఇంకొకాయన నేను ఇంజన్ లోపల ఏ రెక్కకు తగిలి ఏ ముక్క విరిచానో వర్ణించాడు. అంత పని చేసిన నేను దారపు ఉండల మధ్య పడుకుని ఉన్నాను.

అయిదోరోజు మధ్యాహ్నం పక్క వాటా ప్రమీల బ్లౌజు కొలతలకు వచ్చింది.

"ఎవడో అద్దం ఇడిసిపెట్టిండంట గంగామణక్కా. గసువంటోన్ని ఏం జేసినా పాపం లేదు. ఇగో, గిదేనంట," అని ఫోన్ చూపించింది.

ఫోను తెర నిండా నేనే ఉన్నాను. గంగామణి చూసింది. సుద్ద తీసే మనిషిలా సొరుగు లాగి చూసి, మోకాలితో మూసేసింది.

"రేపు రా ప్రమీలా. టేపు సరిగ్గ లేదు."

ప్రమీల వెళ్లాక తలుపు గడియ పెట్టి, నన్ను కొంగులో పట్టుకుని లింబాద్రి ఉన్న బాల్కనీలోకి నడిచింది.

"గీ అద్దం నీదేనా?"

లింబాద్రి నన్ను అందుకున్నాడు. కడ్డీ తిప్పి 'లిం' చూశాడు. చిట్లిన అంచు మీద వేలు పెట్టి చూశాడు. ఉన్నచోటే నేలమీద కూర్చున్నాడు.

"యాడ దొరికింది?"

"నీ జేబుల. బట్టలు పిండేటప్పుడు."

"చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

అయిదురోజులు దేశమంతా దేశమంతటినీ అడిగింది. ఒక గదిలో ఉన్న ఇద్దరు ఒకర్నొకరు అడగలేదు. ఆమె పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది. అతను ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకూ తెలియలేదు. నన్ను గుప్పెట్లో అంత గట్టిగా బిగించాడు.

విచారణ అధికారి నన్నూ, లింబాద్రి తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఫొటోలోనూ అదే చిట్లిన అంచు, కడ్డీ మీద అదే 'లిం'.

"సొంత పనిముట్టు తేవడం తప్పే, దానికి శిక్ష ఉంటుంది. అద్దం మాత్రం ఇంజన్లో లేదు. ఇవాళ నేను చెప్పగలిగింది ఇంతే," అన్నాడు.

లింబాద్రికి అది చాలు. శిక్షగా అతన్ని ఆరు నెలలు ఇంజన్ ముట్టుకోనివ్వలేదు.

ఏడాదికి నివేదిక వచ్చింది. ఇంజన్ లోపలి ఒక చక్రంలో, పోత పోసినప్పుడే పడిన వెంట్రుకంత పగులు. ఏ అద్దానికీ అందని చోట ఉంది. నాలుగోరోజు నాకు గంటన్నర కేటాయించిన చానెల్ దానికి పది సెకన్లు ఇచ్చింది.

తర్వాత నన్ను తిరిగిచ్చారు. కడ్డీకి దారంతో ఒక అట్ట చీటీ, దాని మీద ముద్ర వేసి ఉంది: 'ప్రమాదంతో సంబంధం లేదు.' లింబాద్రి నన్ను మళ్లీ జేబులో పెట్టుకోలేదు. భార్యకిచ్చాడు.

ఆ వారమే ప్రమీల ఇంకో బ్లౌజు గుడ్డ తెచ్చింది. కూర్చుని గుడ్డ మడత విప్పింది, మళ్లీ మడిచింది. ఆ అద్దం ఎవరిదో ఈలోగా ఆమెకు తెలిసింది.

"గా సొరుగుల నల్లదారం ఉంటది, జర అందుకో," అంది గంగామణి, మిషన్ మీంచి తలెత్తకుండా.

ప్రమీల సొరుగు తీసింది. చీటీ చదివింది. తిప్పి చూసింది, వెనక ఏమీ లేదు. మళ్లీ చదివి, దారం తీసి ఇచ్చింది.

"ఎప్పటికిస్తవక్కా?"

"బేస్తవారం."

నేనింకా ఆ సొరుగులోనే ఉన్నాను. దారం చిక్కుపడినప్పుడు గంగామణి నన్ను సాగదీసి మిషన్ కింద చూస్తుంది. చీటీ ప్రతిసారీ అడ్డమొస్తుంది. పక్కకు తోస్తుంది గాని, తెంపదు.