అంచు చుక్కలు

పొద్దున్నే తమ్ముడు మళ్లీ వేరే కొట్టు మాట ఎత్తాడు. స్టేషన్ దగ్గర గది ఖాళీ అయిందట. సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట.

అన్న అద్దం తుడుస్తూ లెక్క వేశాడు. ఫ్రేములు కట్టే కొట్టులో కోతకొకరు, బేరానికొకరు ఉంటేనే గిట్టుబాటు. రెండు కొట్లయితే రెండు చోట్లా సగం మనిషే మిగులుతాడు.

"వేరుపడితే విడిపోయినట్టేరా."

"వేరే కొట్టు పెడతానన్నా గానీ, వేరే ఇంటిపేరు పెట్టుకుంటానన్నానా?"

అంతలో నక్షత్రశాల మేడమ్ చంకలో ఫ్రేము పెట్టుకుని వచ్చింది. నిన్న ఆమె రెండు చుక్కల బొమ్మలు కట్టించుకుంది.

"ఏవండీ, ఒకటి బాగానే ఉంది. ఇందులో సగం చుక్కల్ని చుట్టూ వేసిన అట్ట కింద కప్పేశారేం?"

"గ్రూపు ఫోటోలో దారిన పోయేవాళ్లు పడితే అలాగే కప్పేస్తామమ్మా. అంచుల్లో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, అవీ ఆ బాపతే అనుకున్నా."

ఆమె నవ్వింది. "అవీ ఆ ఇంటివేనండీ. అన్నీ ఒకే మబ్బులో పుట్టాయి. మొదటి బొమ్మలోవి పసివి, గుంపుగా ఉన్నాయి. ఇవి వయసొచ్చినవి, మెల్లగా ఒకదానికొకటి ఎడమవుతున్నాయి."

"పోట్లాడుకునా?"

"అబ్బే. కాలం గడిచేకొద్దీ పట్టు సడలుతుంది, అంతే."

"మరి ఆ ఇంటివేనని ఎలా పోల్చుకుంటారు?"

"నడకని బట్టి. దూరమైనా దాదాపు ఒకే దిక్కుకి నడుస్తాయి. వెలుగు పరీక్షిస్తే సరుకూ ఒకటే."

సరుకు అనేసరికి అన్న చెవులు రిక్కించాడు.

అట్ట మళ్లీ కోయాలి. రెండు మూలలు తను కోసి, తక్కినవి తమ్ముడికి వదిలాడు. కత్తిని ఏటవాలుగా పట్టి, మూల దగ్గర ఊపిరి బిగబట్టి లాగడం నాన్న ఇద్దరికీ నేర్పిన కోత. అయ్యాక అన్న అట్టని వెలుగుకి ఎత్తి, తిప్పి తిప్పి చూశాడు. ఏ మూల ఎవరు కోశారో అతనికే అంతు చిక్కలేదు.

ఈసారి అంచు చుక్కలన్నీ లోపలే ఉన్నాయి. మేడమ్ ఫ్రేము పట్టుకుని వెళ్లిపోయింది.

అన్న మేకుకి వేలాడుతున్న నాన్న కత్తి తీసి తమ్ముడి ముందు పెట్టాడు.

"గదాయనకి ఫోన్ చెయ్యి."

తమ్ముడు కత్తి వంకా అన్న వంకా చూశాడు. "బేరం లేకుండానే?"

"బేరం లేకేం. నీ బల్ల మీద పట్టనంత పెద్ద బొమ్మ వస్తే ఇక్కడికి పంపు. చిన్నవాటితో విసిగించేవాళ్లని నేను అక్కడికి తోలతా."